కంచ దాటిన మేక: గ్రామ దృశ్యాల ఎచింగ్‌లలో జంతు ప్రతీకలు

లోహపు పలక మీద మైనపు పూత పూసి, సూదితో గీసి, ఆ గీతను యాసిడ్ చేత తినిపించి, పడిన గాడిలో సిరా నింపి కాగితం మీద తీసే అచ్చుబొమ్మను ఎచింగ్ అంటారు. పల్లెను చూపే ఎచింగ్‌లలో బండరాళ్ళు, తాటిచెట్లు, పెంకుటిళ్ళతో పాటు మేక, గొర్రె, గేదె, కుక్క, పక్షి కనిపిస్తాయి. కొందరి చేతుల్లో ఇవి ఖాళీ జాగా నింపే బొమ్మలు. మరికొందరి చేతుల్లో, మనిషి గురించి నలుగురిలో అనలేని మాటను అనేసే పాత్రలు. తెలుగువాళ్ళలో ఈ రెండో దారికి పెద్ద పేరు కె. లక్ష్మా గౌడ్. ఆయన బొమ్మల్లో పెద్ద పాత్ర మేకది.

ఏ వ్యాసం ఇచ్చినా చివరికి ఆవును తెచ్చి చెట్టుకు కట్టేసే పిల్లవాడి కథ అందరికీ తెలిసిందే. తెలుగు ఎచింగ్ గురించి రాసేవాళ్ళకు ఆవు బదులు మేక దొరికింది. ఈ వ్యాసం కూడా ఆ గుంజ చుట్టూనే తిరుగుతుంది.

పేర్లలో కంచె

హైదరాబాద్‌లో ఈ విషయానికి దగ్గరి విశ్వవిద్యాలయ ఆవరణలు రెండు. పడమట గచ్చిబౌలిలో లక్ష్మా గౌడ్ పాఠం చెప్పిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం, తూర్పున తార్నాకను ఆనుకుని, జంతు ప్రతీకల మాట పుస్తకాల్లో నడిచిన ఉస్మానియా. రెండు చోట్లా నేల తీరు ఒకటే: గ్రానైటు గుండ్లు, తుమ్మలు, సీతాఫలం పొదలు, వానకు మొలిచి ఎండకు పసుపెక్కే గడ్డి. పేర్లలో కూడా ఒక చుట్టరికం ఉంది. ఉర్దూలో 'తార్' అంటే తీగ, 'నాకా' అంటే కాపలా చౌకీ. నిజాం కాలంలో ఇక్కడి తోటకు తీగకంచె, దాని దగ్గర కాపలా ఉండేవని, అదే తార్నాక అయిందని చెబుతారు. అటు హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉన్న చోటు పేరు కంచ గచ్చిబౌలి. తెలంగాణలో కంచ అంటే పశువుల మేతకు వదిలిన బీడు. తీగకంచె పశువును ఆపడానికి వేసింది, కంచ పశువు కోసం విడిచింది. మేకకు ఈ తేడా పట్టదు. రెండింటిలోకీ దూరుతుంది.

ఇక్కడే ఇంకో ముచ్చట. దక్కన్‌లో పేరున్న మేక జాతి ఉస్మానాబాదీ. ఎక్కువగా నల్లగా ఉంటుంది, కరువును తట్టుకుంటుంది, ఒక్క ఈతలో రెండు పిల్లల్ని వేయడం దానికి మామూలు. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండి, ఇప్పుడు మహారాష్ట్రలో ధారాశివ్‌గా మారిన ఉస్మానాబాద్ పేరే ఆ జాతికి వచ్చింది. ఆ ఊరి పేరు, 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం పేరు ఒకే మనిషివి: ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. అంటే ఈ మేకకు, తార్నాక పక్కన 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనంలో పట్టాలు తీసుకున్నవాళ్ళకు ఒకే ఇంటిపేరు.

నిజాంపూర్ నుంచి

లక్ష్మా గౌడ్ 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాద్ ప్రభుత్వ లలితకళల కళాశాలలో చిత్రలేఖనం చదివి, 1960ల నడుమ బరోడా మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయానికి వెళ్ళి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర కుడ్యచిత్రం, అచ్చుకళ నేర్చుకున్నారు. బరోడా ఆయనకు ఎచింగ్ పలకను ఇచ్చింది. ఊరికి తిరిగొచ్చాక ఆ పలక మీద ఏం గీయాలో తెలిసింది. పట్నపు మధ్యతరగతి దాచుకునే కామాన్ని పల్లె తన మాటల్లో, తిట్లలో, పాటల్లో, జాతరల్లో దాచుకోకుండా చెబుతుందని గమనించారు. 1960ల చివర, 1970లలో వేసిన ఆయన ఎచింగ్‌లకు, నలుపు తెలుపు గీతల బొమ్మలకు ఈ తేడాయే ముడిసరుకు.

ఆ బొమ్మల్లో మనుషులు, మేకలు, చెట్ల వేళ్ళు ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. ఒకచోట కొమ్మ అనుకున్నది ఇంకోచోట కొమ్ము అవుతుంది. ఆడమనిషి జబ్బ మీది పచ్చబొట్టు, గోడ మీది పగులు, మేక మెడ మీది వెంట్రుక, మూడింటికీ ఒకే రకం సన్నగీత. చూసేవాడి కన్ను ఎక్కడ మనిషి ఆగిపోయాడో, ఎక్కడ జంతువు మొదలైందో వెతుక్కోవాలి.

గొర్రెను కాకుండా మేకనే ఎందుకు ఎంచుకున్నారు? దీనికి జవాబు పురాణాల్లో కంటే మేతలో తేలిగ్గా దొరుకుతుంది. గొర్రె తల దించి గడ్డి మేస్తుంది. మందలో ఒకటి ఎటు నడిస్తే మిగతావీ అటే. మేక ఆకు మేస్తుంది. అందుకోసం వెనక కాళ్ళ మీద లేచి, ముందరి కాళ్ళు తుమ్మ మొదలుకు ఆనించి, మెడ సాచి నిలబడుతుంది. ఆ క్షణంలో దాని నిలువు మనిషి నిలువే. బీడులో మేకల కాపరి పక్కన అలా లేచిన పోతును దూరం నుంచి చూస్తే, ఇద్దరు మనుషులు చెట్టు కింద ఏదో మంతనమాడుతున్నట్టే ఉంటుంది. మనిషిలో మేకను, మేకలో మనిషిని కలిపేయాలనుకున్న చిత్రకారుడికి ఈ భంగిమ బీడులోనే సిద్ధంగా ఉంది. పైగా మేక ముళ్ళను తింటుంది, బండ ఎక్కుతుంది, వేరే పశువు బతకలేని చోట బతుకుతుంది. దాని కన్ను కూడా వేరు. కనుపాప గుండ్రంగా ఉండదు, అడ్డంగా పరుచుకున్న చీలికలా ఉంటుంది. సూదితో గీసేవాడికి అది ఒక్క గీత పని. ఆ ఒక్క గీతతో బొమ్మ మొత్తం మనల్ని తిరిగి చూడటం మొదలుపెడుతుంది.

పోతు అన్న మాటకు తెలుగులో బరువెక్కువ. మేకపోతు మదానికి పేరు పడ్డది. దాని వాసన ఊరి చివరి దాకా వస్తుంది. మేకపోతు గాంభీర్యం అన్న మాట లోపల వణుకు, పైకి బింకం ఉన్నవాడికి వాడతాం. లక్ష్మా గౌడ్ మగ పాత్రల్లో ఈ రెండూ ఉన్నాయి. తలపాగా, గుబురు మీసం, విరిచిన ఛాతీ, ఆ వెనకే కొంచెం బెదురు చూపు. మేకను కామానికి ప్రతీక అని ఒక్క ముక్కలో తేల్చేసే విమర్శ ఈ బెదురును వదిలేస్తుంది.

బలిని కూడా వదిలేస్తుంది. తెలంగాణ పల్లెలో మేకపోతు కట్టమైసమ్మకో పోచమ్మకో మొక్కిన మొక్కు. బోనాల్లో, జాతరల్లో పోతరాజు మేకను బలిగా గావు పట్టడం ఇప్పటి ముసలివాళ్ళంతా చూసిందే. ఊళ్ళో అన్నింటికంటే మదించిన జీవే అన్నింటికంటే ముందు తెగే జీవి కూడా. ఎచింగ్‌లో ఈ రెండు అర్థాలూ ఒకే మెడ మీద కూర్చుంటాయి. ఆ మెడను గీసిన తీరు చూడాలి: పక్కపక్కనే, ఒకదాని మీద ఒకటి అడ్డంగా, వందల సన్న గీతలు. దగ్గరికెళ్తే వెంట్రుకలు, కొంచెం వెనక్కి జరిగితే నీడ.

పలక దగ్గర

ఎచింగ్ పని చూడనివాళ్ళకు ఇందులో జంతువులు బొమ్మలోనే ఉన్నాయనిపిస్తుంది. నిజానికి అవి పనిముట్లలోనే మొదలవుతాయి. రాగి లేదా జింకు పలకను మెరుగు పెట్టి, వేడి చేసి దాని మీద పూసే పూతలో తేనెమైనం ఉంటుంది. దాన్ని తారు, రాళంతో కలిపి మరిగిస్తారు. పూత ఆరాక సూదితో గీస్తే, గీసిన చోట మాత్రం లోహం బయటపడుతుంది. పలకను నత్రికామ్లం కలిపిన నీళ్ళలో వేస్తే గీతల వెంబడి చిన్న బుడగలు లేస్తాయి. వాటిని అలాగే వదిలేస్తే గీత మొరటుగా తెగుతుంది, అందుకని పక్షి ఈకతో మెల్లగా తుడుస్తారు. యాసిడ్ ఎంతసేపు తింటే గీత అంత లోతు, అచ్చులో అంత నలుపు. బండరాయి మీది మసక నలుపు కావాలంటే రాళం పొడిని పలక మీద చల్లి కరిగించి తినిపిస్తారు. ఆ పద్ధతి పేరు ఆక్వాటింట్. చివరికి పలకకు సిరా పట్టించి, గుడ్డతో తుడిచి, తడిపిన కాగితం పరిచి, దాని మీద ఉన్ని కంబళ్ళు కప్పి ప్రెస్సు రోలర్ల కిందికి తోస్తారు. ఆ ఉన్ని గొర్రెది. పాత పద్ధతిలో కాగితానికి పెట్టిన గంజి కూడా పశువుల చర్మం నుంచి తీసిన జెలటినే. తేనెటీగ, పక్షి, గొర్రె కలిసి పని చేస్తే కాగితం మీదికి మేక వస్తుంది.

అదీ ఎదురు తిరిగి వస్తుంది. పలక మీద ఎడమకు నడిచిన మేక అచ్చులో కుడికి నడుస్తుంది. అలవాటు లేని విద్యార్థి మొదటి అచ్చు ఎత్తి చూసి ఒక్క క్షణం తికమక పడటం ఏ అచ్చుకళ గదిలోనైనా మామూలే.

లక్ష్మా గౌడ్ బాల్యంలో చూసిన తోలుబొమ్మలాట కూడా ఈ లెక్కలోకి వస్తుంది. తోలుబొమ్మకు వాడే తోళ్ళలో మేకతోలు ముఖ్యమైంది. దాన్ని పలచగా గీకి, రంగులద్ది, ఉలితో చిల్లులు పొడిచి నగలు చేస్తారు. వెనక దీపం పెడితే చిల్లులే వెలుగవుతాయి. ఎచింగ్‌లో దీనికి తారుమారు జరుగుతుంది. గీసిన చోటల్లా నలుపు. ఆయన స్త్రీల మెడలో నగ, ముక్కున బులాకీ, జబ్బన పచ్చబొట్టు గీసిన వైనంలో తోలుబొమ్మ చేసేవాడి చేతివాటం కనబడుతుంది. తోలుబొమ్మకు చర్మం మేక కూడా ఇస్తుందన్న సంగతి తెలిసిన కన్ను అది.

ఆవరణలోకి

1988లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు రంగస్థల, లలితకళల, కమ్యూనికేషన్ స్కూల్ ఏర్పడినప్పుడు దాన్ని నిలబెట్టినవాళ్ళలో లక్ష్మా గౌడ్ ఒకరు. 2001లో డీన్‌గా పదవీ విరమణ చేసేదాకా అక్కడే పాఠం చెప్పారు. స్కూలు మొదట్లో నాంపల్లిలో సరోజినీ నాయుడు ఇల్లయిన గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచి, తర్వాత గచ్చిబౌలి రాళ్ళ మధ్యకు చేరింది. నడిబొడ్డు నుంచి కంచలోకి జరిగిన ఆ మార్పు ఎచింగ్ నేర్చుకునేవాళ్ళకు మేలే చేసిందని నా అభిప్రాయం. దృశ్యం కోసం బస్సెక్కాల్సిన పని తప్పింది. ఆయనకు 2016లో పద్మశ్రీ వచ్చింది. 1980ల తర్వాతి ఆయన పనిలో మదం తగ్గి మొహాలు పెరిగాయి. మట్టి, కంచు, గాజు మీదికీ చెయ్యి మళ్ళింది. మేక మాత్రం ఊరు విడవలేదు. అయితే తొలి ఎచింగ్‌లలో అది మనిషి ఒంట్లో ఉండేది, తర్వాతి బొమ్మల్లో మనిషి ఒళ్ళో కూర్చుంది. అమ్మకానికి రెండోదే అనువు. పదును మొదటిదాంట్లోనే ఉంది.

తార్నాకలో గేదె

ఉస్మానియాలో జంతు ప్రతీక గురించిన మాట పలక మీద కాక పుస్తకాల్లో జరిగింది. అక్కడ రాజనీతి శాస్త్రం బోధించిన కంచ ఐలయ్య గొర్రెల కాపరులైన కురుమల ఇంట పుట్టారు. 1996లో వచ్చిన ఆయన ఇంగ్లీషు పుస్తకం 'వై ఐ యామ్ నాట్ ఎ హిందూ' దేశమంతా చర్చ లేపింది. 2004లో 'బఫెలో నేషనలిజం' వచ్చింది. తర్వాత తన పేరు చివర షెపర్డ్ అని చేర్చుకున్నారు. ఆయన వాదం సూటిగా ఉంటుంది. పాలెక్కువగా ఇచ్చే నల్ల గేదెను పక్కన పెట్టి తెల్ల ఆవును పూజించడంలో కులం, రంగు దాగున్నాయని. ఈ వాదంతో ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా, ఎచింగ్ చూసేవాళ్ళకు ఇందులో పనికొచ్చేది ఒకటుంది. ఏ జంతువు బొమ్మలోకి వచ్చింది అన్నదానితో పాటు ఏది రాలేదు అని కూడా అడగాలి. క్యాలెండర్ బొమ్మల్లో కృష్ణుడి పక్కన ఆవే ఉంటుంది. లక్ష్మా గౌడ్ పల్లెలో మేక ఉంటుంది. ఊళ్ళో ఎవరింటి బొమ్మ గీశారో ఆ జంతువును బట్టే తెలిసిపోతుంది.

కాపరుల కథలు చెప్పే బొమ్మలు ఎచింగ్‌కు ముందే ఉన్నాయి. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చుల బొమ్మలు, వివిధ కులాల కథలకు చేర్యాల నకాషీలు గీసిన పటాలు ఇందుకు సాక్ష్యం. అయితే వాటిలో పశువు కథలో పాత్ర, ఇంటి ఆస్తి. మనిషి మనసుకు అద్దం పట్టే పని దానికి ఎచింగ్‌లోనే పడింది.

తార్నాకకు దగ్గరలో హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీలో చిత్రకారుడు సూర్యప్రకాశ్ (1940–2019) ఆవాస చిత్రకారుడిగా ఉండి పని చేశారు. జీవకణాల పరిశోధనశాలలో కూర్చుని ఆయన వేసిన ప్రకృతి బొమ్మల్లో నీళ్ళు, ఆకులు, వాటి మీద వెలుతురు. పశువులు దాదాపు లేవు. అవి ఎచింగ్‌లు కావు గానీ పోలికకు పనికొస్తాయి. పశువు లేని దృశ్యం చూసేవాడిని ఒంటరిగా వదిలేస్తుంది. మేక ఉన్న దృశ్యంలో ఎవరో మనల్ని ముందే చూసేసి ఉంటారు.

ఇతర తెలుగు అచ్చుకారులు

చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టిన ఎన్. కృష్ణారెడ్డి (1925–2018) తెలుగువాళ్ళలో ప్రపంచమంతా తిరిగిన అచ్చుకారుడు. శాంతినికేతన్, లండన్‌లలో చదివి, పారిస్‌లో అచ్చుకారుడు హేటర్ నడిపిన అటెలియర్ 17 అనే కార్యశాలలో చేరి, ఒకే పలక మీద వేరువేరు చిక్కదనాల సిరాలు కలవకుండా నిలబెట్టి, ఒక్కసారిగా అన్ని రంగులూ అచ్చు తీసే పద్ధతిని సాధించిన వారిలో ముఖ్యుడు. 1972లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 1950ల అచ్చుల పేర్లు చేప, పురుగు, జెల్లీ చేప. పల్లెలో పుట్టినా ఆయన అచ్చుల్లో ఊరి పశువులు ప్రధానం కావు. జీవిలో కదిలే బలాన్ని, నీటి సుడిని, మొలకను గీశారు. ఆయన పురుగు దేనికీ ప్రతీక కాదు. పలకను లోతుగా తొలచడమే దాని అర్థం. లక్ష్మా గౌడ్ మేకకూ దీనికీ మధ్య ఉన్న దూరం తెలుగు అచ్చుకళ వెడల్పు ఎంతో చెబుతుంది.

ధర్మపురిలో పుట్టిన దేవరాజ్ డాకోజి హైదరాబాద్, బరోడాల తర్వాత న్యూయార్క్ చేరి అచ్చుకారుడిగా స్థిరపడ్డారు. రాళ్ళు, వాటి చుట్టూ తిరిగే జీవరాశి ఆయన పనిలో పదే పదే వస్తాయి. తోట వైకుంఠం బొమ్మల్లో భుజాన వాలే చిలుక ఇప్పుడు ప్రతి హోటల్ గోడ మీదా ఉంది. కానీ ఆయన ప్రధాన మాధ్యమం రంగులు, బొగ్గు. ఎచింగ్ కాదు.

ఇతర చోట్ల పశువులు

పల్లె పశువును ఎచింగ్‌లో మొదట గట్టిగా నిలబెట్టింది 17వ శతాబ్దపు డచ్చివాళ్ళు. పౌలస్ పాటర్, నికొలాస్ బెర్కెమ్ ఆవుల్నీ మేకల్నీ విడిగా పలకల మీద గీశారు. అవి ఊరి సంపదకు గుర్తులు. రెంబ్రాంట్ 1643లో గీసిన పంది కాళ్ళు కట్టేసి కోతకు సిద్ధంగా పడి ఉంటుంది. దాని వెనక నవ్వే పిల్లలు. మన గావు మేకకు యూరప్‌లో ఇంతకన్నా దగ్గరి బంధువు లేదు. గోయా 1799 నాటి 80 పలకల 'కాప్రీచోస్'లో గాడిద వైద్యుడవుతుంది, మేకపోతు మంత్రగత్తెల దొరవుతుంది. మన దేశానికి వచ్చిన ఆంగ్లేయుల్లో థామస్, విలియం డేనియల్‌లు 1795 నుంచి 1808 దాకా వెలువరించిన 144 ఆక్వాటింట్ దృశ్యాల్లో పశువులు ఎక్కువగా గుళ్ళ, కోటల ఎత్తు తెలియడానికి నిలబెట్టిన కొలబద్దలు. ఎచింగ్ నేర్చుకోవడానికి విదేశం వెళ్ళిన మొదటి భారతీయుడిగా ముకుల్ దే పేరు చెబుతారు. ఆయన 1916లో చికాగోలో నేర్చుకున్నారు. ఆ తర్వాత బెంగాల్‌లో హరేన్ దాస్ పల్లెను, ఎద్దులను ఎంతో ముచ్చటగా అచ్చు వేశారు. ఆ ముచ్చటే వాటి హద్దు. ఆ ఎద్దులకు వాసన ఉండదు.

కంచ

2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల నేలలో చెట్లు నరకడం మొదలైతే విద్యార్థులు అడ్డుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను కేసు తీసుకుని ఆపించింది. ఆ రోజుల్లో ఫోన్లలో ఎక్కువగా తిరిగినవి నెమలి, జింక బొమ్మలు. వాటిలో కొన్ని కంప్యూటర్‌తో చేసినవన్న గొడవ కూడా రేగింది. నెమలికి, జింకకు చట్టం అండ ఉంది, అందం ఉంది. ఆ నేలకు కంచ అన్న పేరు మాత్రం మేతకొచ్చిన పశువుల వల్ల వచ్చింది.